బొమ్మ, తెర, ఆట: తోలుబొమ్మలాట నుంచి ప్లేస్టేషన్ దాకా కదిలే దృశ్యాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తోలుబొమ్మల ప్రదర్శనను, సినిమా ప్రదర్శనను, వీడియోగేమును తెలుగులో ఒకే మాటతో పిలుస్తాం: ఆట. ఈ మూడింటిలోనూ తెరమీద కనిపించేది బొమ్మే. ఈ పదసామ్యాన్ని ఆధారంగా తీసుకొని, కదలికను సెకనుకు ఇన్ని ఫ్రేములని లెక్కగట్టే పద్ధతి, రెండు కళ్ళకు రెండు బొమ్మలు చూపి లోతు కల్పించే త్రీడీ పద్ధతి రాయలసీమ ప్రేక్షకుని అనుభవంలోకి ఎలా వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫ్రేముల సంఖ్య సినిమాలో కంటికి సంబంధించిన విషయం కాగా, వీడియోగేములో ప్రధానంగా చేతికి సంబంధించిన విషయమని, అందువల్ల వీడియోగేము చరిత్రను సినిమాతో మాత్రమే కాక తోలుబొమ్మలాటతోనూ కలిపి చదవవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తోలుబొమ్మలాట, నిమ్మలకుంట, ఫ్రేమ్‌రేటు, త్రీడీ, వీడియోగేము, ప్లేస్టేషన్, హనుమంతుడు, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

రాయచోటిలో సినిమాకు బయలుదేరిన వారిని ‘మొదటాటకా, రెండో ఆటకా?’ అని అడగడం పరిపాటి. సినిమా మొదలైతే ‘బొమ్మ పడింది’ అంటారు. వంద రోజులు ప్రదర్శితమైతే ‘వంద రోజులు ఆడింది’ అంటారు. ఊరి బయట బయలులో తెల్లని పంచెలు కట్టి రాత్రంతా చూపేది తోలుబొమ్మలాట. టీవీకి తగిలించి పిల్లలు ఆడుకొనేది వీడియో ఆట. నాటకానికి ముందు పట్టేది తెర, సినిమాకు వెండితెర, టీవీకి బుల్లితెర. భాష ఒక వరుసలో నిలబెట్టిన ఈ ప్రదర్శనలను పరిశోధన మాత్రం వేర్వేరు గదుల్లో పెట్టింది. తోలుబొమ్మలాట జానపద విజ్ఞానంలోకి, సినిమా మాధ్యమ అధ్యయనంలోకి చేరాయి. వీడియోగేము తెలుగు శాఖల పరిశోధనాంశాల్లోకి దాదాపు రానేలేదు.

మొదలి నాగభూషణశర్మ వంటి వారు తోలుబొమ్మలాటను రంగస్థల కళగా విస్తృతంగా పరిశీలించారు. కథావస్తువు, హాస్యపాత్రలు, బొమ్మల తయారీ మీద తరువాత కూడా అధ్యయనాలు వచ్చాయి. అయితే ‘కదలిక’ అనే అంశాన్ని ప్రత్యేకంగా తీసుకొని, బొమ్మ ఎలా కదులుతుంది, ఆ కదలిక ఎవరి అధీనంలో ఉంటుంది అని అడిగిన సందర్భాలు తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్ననే అడుగుతుంది. నేటి వీడియోగేము యంత్రాలను గురించిన చర్చ అంతా బొమ్మ నాణ్యత, ఫ్రేమ్‌రేటు, స్పందన వేగం అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది. ఈ మూడూ తోలుబొమ్మలాటలోని బొమ్మ, కదలిక, చేయి అనే మూడింటితో పోల్చదగినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆధునిక యంత్రాలన్నీ మన పూర్వులకు ముందే తెలుసుననే వాదనకు ఈ వ్యాసంలో తావు లేదు. తోలుబొమ్మ నుంచి వీడియోగేము పుట్టలేదు. ఆ యంత్రాలు జపానులోనూ అమెరికాలోనూ వేరే చరిత్రలోంచి వచ్చాయి. అవి ఇక్కడికి చేరినప్పుడు వాటిని అందుకొన్న ప్రేక్షకునికి అప్పటికే బొమ్మను గురించి, ఆటను గురించి కొన్ని అంచనాలు ఉన్నాయి. ఈ పరిశీలన ఆ అంచనాల చరిత్రకే పరిమితం.

2. చేతిలో పుట్టిన కదలిక

తోలుబొమ్మలాట ప్రస్తావన 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోనే ఉంది. భారతాది కథలను వస్త్రం చాటున బొమ్మలతో ఆడించేవారిని ఆయన శ్రీశైల యాత్రికుల వినోదాల నడుమ పేర్కొన్నాడు. రామాయణ ప్రదర్శనల్లో రంగనాథ రామాయణ ద్విపదలను పాడటం ఈ కళాకారుల సంప్రదాయం. నేటి శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఈ కళకు ప్రధాన కేంద్రం. అక్కడి కళాకారుల కుటుంబాల్లో ఇంటి భాష మరాఠీ, ఆట భాష తెలుగు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

సాంకేతికంగా చూస్తే తోలుబొమ్మ ఒక కీళ్ళ నిర్మాణం. మేక, గొర్రె చర్మాన్ని వెలుతురు ప్రసరించేంత పలుచన చేసి, అవయవాలను విడివిడిగా కత్తిరించి, మెడ, భుజం, మోచేయి, నడుము, మోకాలు వంటి చోట్ల దారంతో కడతారు. నిలువునా ఒక బద్ద బొమ్మను నిలబెడుతుంది. చేతులను కదిలించడానికి వేరే పుల్లలు ఉంటాయి. నగల చోట ఉలితో చిన్న రంధ్రాలు కొడతారు. రంగు పూసిన చర్మంలోంచి రంగు వెలుగు, రంధ్రంలోంచి తెల్లని వెలుగు వచ్చి నగలు మెరుస్తాయి. నేటి గేముల్లోని పాత్రలు కూడా కంప్యూటరు లోపల కీళ్ళున్న అస్థిపంజరాలే. కీలు తిరిగితే దాని మీది చర్మం, బట్ట తిరుగుతాయి. సంబంధం లేకుండా పుట్టిన ఈ రెండు పద్ధతులూ ఒకే సమస్యకు ఒకే రకమైన పరిష్కారాన్ని చేరుకొన్నాయి. ప్రతి భంగిమకూ కొత్త బొమ్మ గీయడం కంటే ఒకే బొమ్మకు కీళ్ళు పెట్టడం తేలిక.

కదలిక విషయంలో తోలుబొమ్మకు ఫ్రేములు లేవు. చేయి కదిలిన మేరకు నీడ కదులుతుంది. చేతికీ నీడకూ నడుమ ప్రేక్షకుడు పసిగట్టగల ఆలస్యం ఏదీ లేదు. యుద్ధఘట్టంలో రెండు బొమ్మలు తలపడినప్పుడు కాలికింది చెక్కలు చప్పుడు చేయడం, బొమ్మ తగలడం, గొంతు కేకవేయడం ఒకే క్షణంలో జరుగుతాయి. ఎందుకంటే అవన్నీ ఒకే శరీరంలోంచి వస్తున్నాయి. పాడేవాడే ఆడించేవాడు, అడుగులు వేసేవాడూ అతడే.

లోతు విషయంలోనూ ఒక ప్రత్యేకత ఉంది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకొంటే అంచులు స్పష్టంగా, రంగులు చిక్కగా కనిపిస్తాయి. దీపం వైపు వెనక్కి జరిపితే నీడ పెద్దదై, అంచులు చెదిరి, రంగు పలచబడుతుంది. దూరంనుంచి వస్తున్న పాత్రను, ఆకాశంలోంచి దిగుతున్న పాత్రను, మాయమవుతున్న పాత్రను ఈ మార్పుతోనే చూపగలరు. తెర చదునైనదే అయినా తెరకూ దీపానికీ నడుమ ఉన్న మూరెడు చోటు కళాకారునికి లోతుగా పనికివస్తుంది.

కదలని మాధ్యమంలో కదలికను చూపాలన్న తపన ఈ ప్రాంతపు శిల్పంలోనూ ఉంది. 16వ శతాబ్దికి చెందిన లేపాక్షి వీరభద్రాలయంలో ఒకే దేహానికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. రెండు తలలను చేత్తో మూస్తే మూడవ తలతో ఒక భంగిమ కనిపిస్తుంది. చేయి మార్చితే భంగిమ మారుతుంది. అక్కడ రాయి కదలదు, చూసేవాని చేయి కదులుతుంది. లేపాక్షి చిత్రాల రూపురేఖలకూ తోలుబొమ్మల రూపురేఖలకూ ఉన్న పోలికను కళాచరిత్రకారులు గుర్తించారు. ఆ పోలికకు చూసేవాని చేతి పాత్రను కూడా చేర్చవచ్చు.

3. లెక్కలోకి వచ్చిన కదలిక

సినిమాతో కదలిక ముక్కలైంది. కదిలే వస్తువును వరుస నిశ్చలచిత్రాలుగా పట్టి, తగిన వేగంతో ఒకదాని తరువాత ఒకటి చూపితే మెదడు వాటిని కదలికగా గ్రహిస్తుంది. బొమ్మ కంటిలో కాసేపు నిలిచి ఉండటం వల్లనే ఇది జరుగుతుందని పూర్వం వివరించేవారు. 1912లో మాక్స్ వెర్తైమర్ చేసిన ప్రయోగాల తరువాత, ఇది కంటి కంటే మెదడు చేసే పని అనే అవగాహన బలపడింది.

మూకీల కాలంలో కెమెరానూ ప్రొజెక్టరునూ చేత్తో తిప్పడం సాధారణం. ఆపరేటరు చేతి వేగాన్ని బట్టి తెరమీది మనుషుల నడక మారేది. ‘భీష్మప్రతిజ్ఞ’ వచ్చిన 1921 నాటికి సినిమాలో చేతికి ఇంకా కొంత చోటు ఉంది. టాకీ ఆ చోటును తీసివేసింది. వేగం మారితే తెరమీది గొంతు కూడా సన్నబడటమో బొంగురుపోవటమో జరుగుతుంది కనుక, ధ్వని వచ్చాక ఫిల్ము వేగాన్ని మోటారుతో సెకనుకు 24 ఫ్రేములుగా స్థిరపరిచారు. తెలుగులో 1932లో ‘భక్తప్రహ్లాద’తో మొదలైన టాకీ యుగం ఈ స్థిరవేగపు యుగమే. బొమ్మ మాట్లాడటం నేర్చిన తరుణంలోనే ఆడించే చేయి తెరవెనుక నుంచి తప్పుకొంది.

సెకనుకు 24 ఫ్రేములు కంటికి ఎలా చాలుతున్నాయి అన్నది తరువాతి చర్చకు అవసరం. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ప్రొజెక్టరులోని షట్టరు ప్రతి ఫ్రేమునూ కనీసం రెండుసార్లు చూపుతుంది. కనుక సెకనుకు 48 మెరుపులు పడి మినుకుమినుకుమనడం తగ్గుతుంది. రెండు, కెమెరా ఒక్కో ఫ్రేమును సాధారణంగా సెకనులో 48వ వంతు కాలం పాటు తెరచి ఉంచుతుంది. ఆ వ్యవధిలో కదిలిన చేయి ఫ్రేములో కొద్దిగా అలుక్కుపోయి పడుతుంది. ఆ అలుకుడే ఒక ఫ్రేముకూ మరొక ఫ్రేముకూ నడుమ అతుకుగా పనిచేస్తుంది. 2012లో ‘ది హాబిట్’ను సెకనుకు 48 ఫ్రేములతో చూపినప్పుడు, స్పష్టత పెరిగినా సినిమాలా కాక టీవీ కార్యక్రమంలా ఉందని చాలామంది అన్నారు. అలవాటుపడ్డ కంటికి ఆ అలుకుడు కూడా కళలో భాగమైపోయింది.

తెరతో మాట్లాడాలన్న కోరిక మాత్రం పోలేదు. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణంతో వచ్చిన ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పేటిక ఇందుకు ఉదాహరణ. మూత తెరిచిన వారికి తమ ప్రియవస్తువు అందులో కనిపిస్తుంది. ఎవరు తెరిస్తే వారికి తగిన బొమ్మ వస్తుంది. అందరికీ ఒకే బొమ్మను ఒకే వేగంతో చూపే సినిమా, చూసేవానిని బట్టి మారే తెరను తన కథలోనే ఊహించుకొంది.

4. యాభైకి, అరవైకి నడుమ

చూసేవాని చేతిని తిరిగి తెరకు కలిపింది వీడియోగేము. 1983లో జపానులో విడుదలైన నింటెండో ఫ్యామికామ్ యంత్రం సెకనుకు దాదాపు 60 సార్లు బొమ్మను కొత్తగా వేయగలదు. ఆటగాని మీట నొక్కును యంత్రం సాధారణంగా ఫ్రేముకు ఒకసారి చదువుతుంది, దాని ఫలితాన్ని తరువాతి ఫ్రేములో చూపుతుంది. అందువల్ల ఇక్కడ ఫ్రేము అనేది చూపు కొలత మాత్రమే కాదు, స్పందన కొలత కూడా. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు, 60 అయితే 16.7, 120 అయితే 8.3. ఫ్రేములు పెరిగినకొద్దీ చేతికీ బొమ్మకూ నడుమ ఎడం తగ్గుతుంది. పైగా యంత్రం లెక్కగట్టే బొమ్మ ఒకే క్షణానిది. సహజంగా అందులో సినిమా ఫ్రేములోని అలుకుడు ఉండదు. సినిమాకు చాలిన 24 ఫ్రేములు ఆటకు చాలకపోవడానికి ఈ రెండూ కారణాలు.

భారతదేశానికి వచ్చేసరికి ఈ లెక్క మారింది. జపాను, అమెరికాల టీవీ పద్ధతి సెకనుకు 60 అరబొమ్మలది. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 50 అరబొమ్మలు. సెకనుకు 60 ఫ్రేములని నమ్మి రాసిన గేమును ఏ సవరణా లేకుండా 50కి తగిలిస్తే అది ఆరింట అయిదు వంతుల వేగంతో నడుస్తుంది. నిమిషంలో ముగియవలసిన పరుగు 72 సెకన్లు పడుతుంది. గీతల సంఖ్య కలవక బొమ్మ పైనా కిందా నల్లని పట్టీలు మిగిలి, పాత్రలు కాస్త పొట్టిగా, లావుగా కనిపిస్తాయి. 1991లో వచ్చిన ‘సోనిక్ ద హెడ్జ్‌హాగ్’ వేగానికే పేరుపొందిన గేము. యూరప్‌లోని పాల్ యంత్రాలలో దాని నడకా సంగీతమూ రెండూ నెమ్మదించాయి.

1990లలో మన దేశంలో ‘సమురాయ్’ పేరుతో నింటెండో యంత్రమూ, ‘లిటిల్ మాస్టర్’ వంటి అనుకరణ యంత్రాలూ అమ్ముడయ్యాయి. రాయచోటి, రాజంపేట ప్రాంతాలకు మరొక దారి కూడా ఉంది. వానలు నమ్ముకోలేని ఈ సీమ నుంచి కువైట్‌కు వలస వెళ్ళినవారు సెలవుల్లో తెచ్చే పెట్టెల్లో టేప్‌రికార్డరు, టీవీల తరువాత వీడియోగేము యంత్రం చేరింది. కువైట్‌లోనూ పాల్ పద్ధతే కావడం వల్ల అక్కడ కొన్న యంత్రం ఇక్కడి టీవీకి చిక్కు లేకుండా పలికింది. ఈ వ్యాసకర్త బాల్యంలో మొదటిసారి చేతబట్టిన మీటలపెట్టె అటువంటి ఒక పెట్టెలోంచి వచ్చినదే. ఇంట్లో టీవీ ముందు నలుగురు పిల్లలం వంతులవారీగా కూర్చొనేవాళ్ళం. ఆడేది ఒకడైతే ‘దూకు’, ‘ఆగు’ అని అరిచేది ముగ్గురు. ఆ యంత్రంలో బొమ్మ అసలు ఉండవలసిన దానికంటే నెమ్మదిగా నడుస్తున్నదని మాకు తెలియదు. పోల్చి చూడటానికి మరొక యంత్రం లేదు. మా తరానికి వీడియోగేము సహజవేగం అంటే ఆ తగ్గిన వేగమే.

ఇది జ్ఞాపకాల ముచ్చటగా వదిలేయదగినది కాదు. ఒక కృతి పాఠాంతరాలతో అందినప్పుడు ఏ ప్రాంతంలో ఏ పాఠం ప్రచారంలో ఉందో పరిష్కర్త విచారిస్తాడు. వీడియోగేముకు కూడా ప్రాంతీయ పాఠాలున్నాయి. పాల్ దేశాల వారు ఆడిన పాఠం వేరు, జపాను వారు ఆడిన పాఠం వేరు. నేడు కంప్యూటర్లలో ఆ పాత గేములను తిరిగి నడిపించేటప్పుడు 60 పాఠమే ప్రామాణికంగా చలామణి అవుతోంది. ఇక్కడి పిల్లలు నిజంగా ఆడిన 50 పాఠం చరిత్రలోంచి జారిపోతోంది.

5. లోతుకు చెల్లించే మూల్యం

మనిషి కళ్ళ నడుమ దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. ఈ ఎడం వల్ల రెండు కళ్ళకూ కొద్దిగా భిన్నమైన దృశ్యాలు అందుతాయి, మెదడు ఆ భేదంలోంచి లోతును గ్రహిస్తుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అద్దాల సాధనంతో దీనిని నిరూపించాడు. రెండు కళ్ళకు రెండు బొమ్మలు విడివిడిగా అందించడమే అన్ని త్రీడీ పద్ధతుల సారం.

భారతదేశపు మొదటి త్రీడీ చిత్రంగా పేరొందిన మలయాళ చిత్రం ‘మై డియర్ కుట్టిచాత్తాన్’ 1984లో విడుదలైంది. తెలుగులో ఇది ‘చిన్నారి చేతన’గా వచ్చింది. అద్దాల వల్ల కళ్ళకలక అంటుకొంటుందన్న పుకారు పుట్టగా, ప్రతి ఆటకూ వాటిని శుభ్రపరుస్తున్నామని నటుల చేత తెరమీదనే చెప్పించవలసి వచ్చింది. 2013లో ‘యాక్షన్ త్రీడీ’, ‘ఓం త్రీడీ’, 2015లో ‘రుద్రమదేవి’ తెలుగులోనే త్రీడీగా వచ్చాయి. ధ్రువీకరణ అద్దాల పద్ధతికి వెలుగు ధ్రువణం చెడకుండా తిప్పికొట్టే లోహపు పూత ఉన్న తెర కావాలి. మామూలు తెల్లతెర పనికిరాదు. ‘వెండితెర’ అన్న మాట అలంకారంగా కాక అక్షరాలా నిజమయ్యేది ఇక్కడే. అటువంటి తెర లేని ఊళ్ళలో అదే సినిమా చదునుగా ఆడింది. పాల్ దేశానికి నెమ్మది గేము దక్కినట్టే, చిన్న ఊరికి లోతు లేని సినిమా దక్కింది.

వీడియోగేముల్లో త్రీడీ ప్రయత్నాలు 1987 నాటికే ఉన్నాయి. సెగా, నింటెండో సంస్థలు ఒక్కో కంటిని మార్చి మార్చి మూసే అద్దాలను తెచ్చాయి. సెకనుకు 60 బొమ్మలను రెండు కళ్ళకు పంచితే ఒక్కో కంటికి 30 మాత్రమే దక్కి మినుకుమినుకుమంటాయి. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్ ఎరుపు రంగు ఒక్కటే చూపి, తలనొప్పి తెస్తుందన్న పేరుతో త్వరగా కనుమరుగైంది. 2010లో ప్లేస్టేషన్ 3 త్రీడీ టీవీలకు తగినట్టు మారింది. 2011లో నింటెండో 3డీఎస్ అద్దాలు లేకుండానే చేతిలోని తెరపై లోతు చూపింది. 2017 నాటికి ప్రధాన సంస్థలు త్రీడీ టీవీల తయారీని దాదాపు విరమించుకొన్నాయి.

ఈ వైఫల్యానికి అద్దాల అసౌకర్యం ఒక్కటే కారణం కాదు. రెండు కళ్ళకు రెండు బొమ్మలు వేయాలంటే యంత్రం పని రెట్టింపుకు దగ్గరవుతుంది. బొమ్మలోని వివరం, ఫ్రేముల సంఖ్య, లోతు అనే మూడు ఖర్చులకూ యంత్రశక్తి అనే మూట ఒక్కటే. ఒకదానికి ఎక్కువ పెడితే మరొకదానికి తగ్గించాలి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోని అనేక గేములు మొదట్లోనే ఆటగాని ముందు ఒక ఎంపిక పెడతాయి: చిక్కని వివరాలతో 30 ఫ్రేములా, వివరం తగ్గించి 60 ఫ్రేములా అని. అందమైన బొమ్మ కావాలా, చెప్పినట్టు వినే బొమ్మ కావాలా అన్నదే ఆ ప్రశ్న.

2016లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్ తలకు తొడిగే తెర. అందులో గేము సెకనుకు 60 ఫ్రేములకు తగ్గరాదని సోనీ షరతు పెట్టింది. తల తిప్పినప్పుడు దృశ్యం వెనుకబడితే కడుపులో తిప్పుతుంది. ఇక్కడ ఆలస్యాన్ని పసిగట్టేది చేయి కూడా కాదు, మొత్తం దేహం. 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కైనెక్ట్ కెమెరా ఆటగాని దేహంలోని 20 కీళ్ళను గుర్తించి, ఆ కదలికను తెరమీది బొమ్మకు ఇచ్చింది. పుల్లలు లేని తోలుబొమ్మలాట అనదగిన ఏర్పాటు అది. కాని దేహం కదిలిన తరువాత బొమ్మ కదలడంలో కంటికి తెలిసేంత ఆలస్యం ఉండటం దాని బలహీనత అయింది. తోలుబొమ్మలాట కళాకారుడు సహజంగా పొందేదానినే ఈ యంత్రాలన్నీ ఖర్చుపెట్టి కొనుక్కొంటున్నాయి.

6. హనుమంతుడు ఎవరి చేతిలో?

ఈ చరిత్రలో తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ఘట్టం 2009లో వచ్చింది. హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను సోనీ ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ గేముగా అది గుర్తింపు పొందింది. అదే కాలంలో హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర, గిల్లీదండా, కబడ్డీ వంటి దేశీయ క్రీడలతో ‘దేశీ అడ్డా’ను రూపొందించింది. తొలి అడుగుకు రామాయణపాత్రను, తరువాతి అడుగుకు వీధి ఆటలను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. సొంత కథలున్న బొమ్మనే ఆడించాలన్న ఆలోచన రెండింటిలోనూ ఉంది.

హనుమాన్ గేము విడుదల కాగానే అమెరికాలోని రాజన్ జెడ్ వంటి వారు అభ్యంతరం తెలిపి, దానిని ఉపసంహరించాలని కోరారు. ఆరాధ్యదైవాన్ని ఆటగాడు మీటలతో తన ఇష్టం వచ్చినట్టు నడిపించడం కించపరచడమేనన్నది అభ్యంతరంలోని ప్రధానాంశం. బొమ్మలు బాగున్నాయా, కదలిక చురుగ్గా ఉందా అన్న చర్చ వెనుకబడి, దైవం ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

తోలుబొమ్మలాట తెలిసినవారు ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయలేరు, యథాతథంగా అంగీకరించనూ లేరు. హనుమంతుని బొమ్మను శతాబ్దాలుగా మనుషులే చేత్తో పట్టి ఆడించారు. ఆ పక్కనే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క మోటు సరసాలతో ప్రేక్షకులను నవ్వించారు. దైవం చేతికి చిక్కడమే అపచారమైతే తోలుబొమ్మలాటే ఉండేది కాదు. అయితే తోలుబొమ్మను పట్టిన చేతికి ఒక కట్టుబాటు ఉంది. గణపతి ప్రార్థనతో ఆట మొదలవుతుంది, కథ తెలిసిన దారిలో నడుస్తుంది. హనుమంతుడు లంకకు చేరడంలో సందేహం లేదు. ప్రేక్షకుడు ఎదురుచూసేది ఎలా చేరతాడన్న దానికోసమే.

వీడియోగేములో ఆ నిశ్చయం లేదు. ఆటగాని చేయి తడబడితే సముద్రలంఘనం విఫలమవుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కథలో ఓటమి లేని పాత్రకు ఆటలో ఓటమి తప్పదు. అందువల్ల అభ్యంతరానికి అసలు మూలం మీటల్లో లేదు. బొమ్మ ఓడిపోవడానికి అవకాశం ఉండటంలో ఉంది. ఇక్కడే ఫ్రేమ్‌రేటు కేవలం సాంకేతిక విషయంగా మిగలదు. బొమ్మ ఆలస్యంగా స్పందించినందువల్ల హనుమంతుడు పడిపోతే ఆ తప్పు ఆటగానిదా, యంత్రానిదా? తోలుబొమ్మలాటలో తప్పు కళాకారునిదే, దానిని అప్పటికప్పుడు మాటతోనో హాస్యంతోనో కప్పిపుచ్చే నేర్పూ అతనిదే. యంత్రానికి ఆ నేర్పు లేదు. కనుక దానికి మిగిలింది వేగంగా స్పందించడం ఒక్కటే.

7. ముగింపు

కదిలే బొమ్మ చరిత్రను సినిమాతో మొదలుపెట్టి చదివితే వీడియోగేము సినిమాకు ఒక పిల్లకాయ రూపంగా కనిపిస్తుంది. తోలుబొమ్మలాటతో మొదలుపెట్టి చదివితే క్రమం మారుతుంది. చేతిలో ఉన్న బొమ్మ టాకీతో చేయి దాటిపోయింది, వీడియోగేముతో చేతికి తిరిగి వచ్చింది. తిరిగి వచ్చింది కళాకారుని చేతికి కాదు, చూసేవాని చేతికి. తెలుగులో ‘ఆడించడం’, ‘ఆడటం’ అనే రెండు క్రియల నడుమ ఉన్న తేడా ఇదే. సెకనుకు 60, 120 ఫ్రేముల కోసం జరుగుతున్న పోటీ అంతా ఈ తిరిగి వచ్చిన చేతి కోసం జరుగుతున్నదే.

ఈ పరిశీలన నుంచి పరిశోధకులకు ఒక తక్షణ కర్తవ్యం ఏర్పడుతోంది. నిమ్మలకుంటలో నేడు తోలు మీది పనితనం చాలావరకు దీపపు గూళ్ళకూ గోడ అలంకరణలకూ మళ్ళింది. దీపం ముందు ఆడిన బొమ్మ దీపానికి తొడుగుగా మారింది. చెక్కే చేతులకు బతుకుతెరువు దొరికింది కాని, ఆడించే చేతులకు పని తగ్గింది. రాత్రంతా ఆడగల కళాకారులు ఏటేటా తగ్గిపోతున్నారు. తోలుబొమ్మలాటను చిత్రీకరించేటప్పుడు కెమెరాను సహజంగా ప్రేక్షకుల వైపే పెడతాం, సెకనుకు 25 ఫ్రేములతో తీస్తాం. మందవెలుతురులో వేగంగా తిరిగే పోరాటపు బొమ్మ అందులో అలుక్కుపోతుంది, ఆడించిన చేయి అసలే కనిపించదు. అలా మిగిలేది ఆటలో సగమే.

కనుక ఇకమీదట చిత్రీకరణ తెరకు రెండు వైపులా ఒకే సమయంలో జరగాలి. సెకనుకు 60 లేదా 120 ఫ్రేములతో, చేతుల వైపు రెండు కెమెరాలతో లోతు కూడా అందేలా తీయాలి. దీపానికీ తెరకూ ఉన్న దూరాన్ని, బొమ్మ ముందుకూ వెనక్కూ జరిగే కొలతను, ఒక్కో చేయి పట్టే పుల్లల సంఖ్యను, వీటికి కళాకారుల ఇళ్ళలో వాడే తెలుగు, మరాఠీ మాటలను నమోదు చేయాలి. ఇందుకు కావలసిన పరికరాలు నేడు కళాశాలలకు అందుబాటులో లేనివేమీ కావు, చాలా ఫోన్లే ఆ వేగంతో తీయగలవు. పద్యపాఠం లిఖితరూపంలో ఉంది, బొమ్మలు సంగ్రహాలయాల్లో ఉన్నాయి. చేయి మాత్రం ఆ మనుషుల దగ్గరే ఉంది. వారు ఉండగానే దానిని నమోదు చేసుకోవాలి.